అమ్మాయి రీల్స్ ఒక్కసారైనా చూశారా సార్?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బోటనీ ఫైనలియర్. మొక్కల మీద వచ్చే కొత్త పరిశోధనల గురించి తెలుగులో రీల్స్ చేస్తుంది. పీజీ వద్దు, సైన్స్ కమ్యూనికేషన్ కోర్సు చేసి అందులోనే స్థిరపడతానంటోంది. మేము ఎంబీఏ చేయమంటున్నాం. ఏది మంచిది?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ మెయిల్ చాలా పెద్దది. అందులో ఎంబీఏ ఫీజులున్నాయి, మీ తోడల్లుడి కొడుకు జీతం ఉంది. మీ అమ్మాయి ఆ రీల్స్‌లో ఏం చెబుతుందో మాత్రం ఒక్క ముక్క లేదు. ‘మీ అమ్మాయి ఏం చేస్తోంది’ అని చుట్టాలు అడిగితే ఏం చెప్పాలన్నదే మీ అసలు దిగులు. దాన్ని అమ్మాయి మీద రుద్దకండి. ఎంబీఏ రెండు మూడేళ్ల తర్వాతైనా చేయొచ్చు. ఇష్టం లేని చదువులో ఇప్పుడే కూర్చోబెడితే తను మళ్లీ బోటనీ వైపు రావడం కష్టం.

అలాగని మీ అమ్మాయి మాటకూ నేను పూర్తిగా తలూపను. ఇప్పుడు చాలామంది పిల్లలు సైన్స్ కమ్యూనికేషన్ అంటున్నారు. నాకైతే భయమే. సైన్స్‌ను జనానికి చేర్చే పని కోసమే 1989లో పెట్టిన విజ్ఞాన్ ప్రసార్ సంస్థను మూసేయాలని కేంద్రమే 2023లో నిర్ణయించింది. వ్యూస్ వచ్చినంత తేలిగ్గా నెల జీతం రాదు.

ఇంకో భయం కూడా ఉంది. ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ యూనివర్సిటీ వాళ్లు టమాటా, పొగాకు మొక్కల నుంచి వచ్చే శబ్దాలు రికార్డు చేసి, ఆ పరిశోధనను 2023లో ప్రచురించారు. నీళ్లు లేక వాడుతున్న టమాటా మొక్క గంటకు సుమారు 35 సార్లు టిక్కుమంది. బాగున్న మొక్క గంటకు ఒక్కసారి కూడా అనలేదు. ఆ శబ్దం మన చెవికి అందదు. వెంటనే ‘మొక్కలు ఏడుస్తున్నాయి’ అని ఎన్నో రీల్స్ వచ్చాయి. పరిశోధకులు ఏడుపు అనలేదు. దారువులో, అంటే వేళ్ల నుంచి నీటిని పైకి తీసుకెళ్లే గొట్టాల్లో, గాలి బుడగలు ఏర్పడి పగలడం కారణం కావచ్చన్నారు. ఆ తేడా చెప్పాలంటే దారువు తెలియాలి, పరిశోధన పేపర్ చదివి అందులోని లెక్కలు చూడగలగాలి. ఆరు నెలల కోర్సులో అది రాదు. అందుకే ముందు ఎమ్మెస్సీ చేయమంటాను.

మన దగ్గరా ఈ పని చాలా ఉంది. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ మన సాంబ మసూరి జన్యువునే సవరించి ‘కమల’ రకాన్ని తయారుచేసింది. 2025 మేలో కేంద్రం దాన్ని ప్రకటించింది. ‘ఇదీ బీటీ పత్తి లాంటిదేనా’ అని రైతు అడిగితే, బీటీలో బ్యాక్టీరియా జన్యువు చేర్చారు, ఇందులో వరి సొంత జన్యువునే మార్చారు అని తెలుగులో ఓపిగ్గా చెప్పేవాళ్లు కావాలి. దిగుబడి లెక్కల మీద వాదనలు నడుస్తున్నాయి, వాటినీ దాచకుండా చెప్పాలి. ఇది చిన్న పని కాదు సార్, నిజంగా అవసరమైన పని.

డబ్బు గురించి అంత బెంగ వద్దు. పరిశోధన చేసేవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 ఫెలోషిప్, పైన ఇంటి అద్దె భత్యం. అందరికీ రాదు, కానీ శ్రద్ధగా చదివే పిల్లకు అందనిదీ కాదు. రాకపోయినా ఎమ్మెస్సీ, బీఈడీ చేసినవాళ్లకు టీచింగ్ ఉంది. పీహెచ్‌డీలో చేరితే రాసే ఇష్టమూ పనికొస్తుంది. తమ పరిశోధనను మామూలు మాటల్లో రాసే పీహెచ్‌డీ విద్యార్థుల కోసం కేంద్రం 2018లో ‘అవసర్’ అనే పోటీ మొదలుపెట్టింది. అప్పట్లో మొదటి బహుమతి లక్ష రూపాయలు.

రీల్స్ మాన్పించకండి, వారానికొకటి చేసుకోనివ్వండి. ఈ ఆదివారం పక్కన కూర్చుని రెండు చూడండి, అర్థంకానిది అడగండి. ఎమ్మెస్సీ మాట ఆ తర్వాత ఎత్తండి.