అక్క వాడే హార్మోన్ మాత్ర నేనూ వేసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. నెలసరి ఆగిపోయి తొమ్మిదేళ్లయింది. బీపీకి మాత్ర వాడుతున్నాను. వేడి ఆవిర్లతో, చెమటలతో రాత్రిళ్లు నిద్ర ఉండటం లేదు. గర్భసంచి తీసేశాక మా అక్కకు డాక్టర్ ఈస్ట్రోజన్ మాత్రలు రాశారు. అవి గుండెకు కూడా మంచివని విని, రెండు నెలలుగా నేనూ అవే వేసుకుంటున్నాను. ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, దవడ లాగినట్టుంటోంది. కాసేపు నిలబడితే తగ్గిపోతోంది. ఆర్నెల్ల కిందట తీసిన ఈసీజీ బాగానే ఉంది. ఈ మాత్రలు ఎన్నేళ్లు వాడితే గుండెకు రక్షణ ఉంటుంది?
– ఒక పాఠకురాలు

జవాబు: ఎన్నేళ్లన్నది తర్వాత చూద్దామమ్మా. నన్ను కంగారు పెట్టింది ఆ మెట్ల సంగతి. నడిస్తే, ఎక్కితే వచ్చి, ఆగితే తగ్గే ఆయాసం, దవడ నొప్పి గుండె రక్తనాళాల్లో అడ్డంకి వల్ల కావచ్చు. మిమ్మల్ని చూడకుండా అదేనని తేల్చలేను. కానీ ఈ వయసులో, బీపీ కూడా ఉన్నప్పుడు, కాదని తేలేదాకా అదే అనుకోవాలి. రేపో ఎల్లుండో కార్డియాలజిస్టును కలవండి. ఊరికే కూర్చున్నప్పుడు వచ్చినా, ఆగాక కొద్ది నిమిషాల్లో తగ్గకపోయినా, ముచ్చెమటలు పట్టినా అపాయింట్‌మెంట్ సంగతి వదిలేసి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.

పాత ఈసీజీని చూసుకుని ధైర్యంగా ఉండకండి. పడుకోబెట్టి తీసినప్పుడు గుండెకు పెద్దగా పని ఉండదు. మెట్లమీద బయటపడే ఇబ్బంది అందులో కనిపించకపోవచ్చు. పైగా అది ఈ బాధ మొదలుకాకముందు తీసింది. ఎకో, ట్రెడ్‌మిల్, సీటీ యాంజియోలలో మీకు ఏది అవసరమో పరీక్ష చేసిన డాక్టరే చెబుతారు.

ఈ వయసు ఆడవాళ్లు చెమట పట్టినా, దడ వచ్చినా, ఆయాసం వచ్చినా అన్నీ మెనోపాజ్ ఖాతాలో వేసేసి నెలల తరబడి ఊరుకోవడం చూస్తే నాకు బాధేస్తుంది. వేడి ఆవిరి ఎలా ఉంటుందో మీకు తెలుసు. నిద్రలోనో, ఊరికే కూర్చున్నప్పుడో ఛాతీ నుంచి మెడకూ ముఖానికీ వేడి ఎగబాకుతుంది, చెమట పడుతుంది, ఒక్కోసారి ఆ వెంటే చలి వేస్తుంది. మెట్లెక్కినప్పుడల్లా దవడ లాగడం ఆ బాపతు కాదు.

ఇక మాత్రలు. ఇవాళ్టితో ఆపేయండి, బీపీ మాత్ర మాత్రం మానకండి. అక్కకు గర్భసంచి లేదు కాబట్టి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చారు. మీ ఉత్తరంలో ఆపరేషన్ ఊసు లేదు కాబట్టి మీకు గర్భసంచి ఉందనే అనుకుంటున్నాను. ఉన్నవాళ్లు ఈస్ట్రోజన్ ఒక్కటే వాడితే లోపలి పొర మందమవుతుంది, పోనుపోను క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. అందుకే తోడుగా ప్రొజెస్టరాన్ తరహా మందు ఇస్తాం. ఈ రెండు నెలల్లో ఒక్క చుక్క రక్తం కనిపించినా గైనకాలజిస్టుకు చెప్పండి. కనిపించకపోయినా ఒకసారి స్కాన్ విషయం అడగండి. అక్కాచెల్లెళ్లు చీరలు మార్చుకోవచ్చు గానీ మందులు మార్చుకోకూడదమ్మా.

గుండెకు రక్షణ అనే మాట ఒకప్పుడు డాక్టర్లమూ నమ్మినదే. 1998లో వచ్చిన హెర్స్ అధ్యయనంలో, అప్పటికే గుండెజబ్బు ఉన్న 2,763 మంది మహిళలను పరిశీలిస్తే హార్మోన్ల వల్ల మేలు కనిపించలేదు. పైగా మొదటి ఏడాదిలో గుండె సమస్యలు ఎక్కువయ్యాయి. 2002లో అమెరికాలో 16 వేల మందికి పైగా మహిళల మీద జరుగుతున్న ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ పరీక్షను మధ్యలోనే ఆపేశారు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ తరహా మందు కలిపి వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, రక్తం గడ్డలు, గుండెపోట్లు ఎక్కువగా కనిపించాయి. అప్పటినుంచి గుండెను కాపాడటం కోసమని హార్మోన్లు రాయడం లేదు.

అలాగని హార్మోన్లంటే హడలిపోనక్కర్లేదు. ఆ పరీక్షలో చేరినవాళ్ల సగటు వయసు 63. అరవై లోపు, నెలసరి ఆగి పదేళ్లు దాటని ఆరోగ్యవంతుల్లో ముప్పు తక్కువే, ఆవిర్లకు వీటిని మించిన మందు లేదు. వయసు లెక్కలో మీరు అంచున ఉన్నారు. అడ్డంకి ఉందని తేలితే మాత్రం ఈ మాత్రలు మీకు తగవు, ఆవిర్లు తగ్గించే హార్మోన్ కాని మందులు వేరే ఉన్నాయి. గుండె బాగుందని తేలితే, చర్మం మీద వాడే ప్యాచ్, జెల్ గురించి కూడా గైనకాలజిస్టుతో మాట్లాడండి. వాటితో రక్తం గడ్డల ముప్పు మాత్రలతో కంటే తక్కువ.

కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు అక్క మాత్రల స్ట్రిప్ బ్యాగులో వేసుకోండి. తిడతారేమోనని దాచకండి.