ఓడ ఎక్కేటప్పుడు సీసా సంగతి

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఓడ ప్రయాణం మీదే ఉన్నాయి. పిల్లలు అమెరికాలోనో సింగపూర్‌లోనో కుదురుకున్నాక అమ్మానాన్నల్ని పిలిపించుకుని ఒక క్రూయిజ్ తిప్పడం మన తిరుపతి, చిత్తూరు ఇళ్లలో ఇప్పుడు మామూలైపోయింది. టికెట్లు బుక్ చేసే పనిలో ఇన్నేళ్లుగా ఉన్నాను కాబట్టి చెప్తున్నా, వీసా గురించి ఒక్కసారి అడిగినవాళ్లు కూడా "సార్, తాగడానికి ఏమేం తీసుకుపోవచ్చు" అని మాత్రం నాలుగుసార్లు అడుగుతారు. విస్కీ అడిగేవాళ్లు కొందరే, మంచినీళ్ల గురించి అడిగేవాళ్లే ఎక్కువ.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. మమ్మల్ని టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి ఏడు రోజుల ఓడ ప్రయాణానికి తీసుకెళ్తానంటున్నాడు. నాకు రాత్రి భోజనానికి ముందు రెండు పెగ్గులు అలవాటు. ఓడలో రేట్లు మండిపోతాయట. ఎయిర్‌పోర్టు డ్యూటీ ఫ్రీలో ఒక విస్కీ సీసా కొని ఓడలోకి తీసుకుపోవచ్చా? — రిటైర్డ్ ఉద్యోగి, భవానీ నగర్, తిరుపతి

కుదరదండీ. విస్కీ, రమ్, వోడ్కా, బ్రాందీ లాంటివాటిని పెద్ద క్రూయిజ్ కంపెనీల్లో చాలామటుకు ఓడలోకి రానివ్వవు. సీలు తీయకపోయినా సరే, డ్యూటీ ఫ్రీ బిల్లు చూపించినా సరే. ఎక్కువ చోట్ల రానిచ్చేది వైన్ ఒక్కటే, దానికీ లెక్కుంది. గాల్వెస్టన్ నుంచి ఎక్కువగా నడిచేవి కార్నివాల్, రాయల్ కరీబియన్ కంపెనీల ఓడలు కాబట్టి వాటి సంగతే చెప్తాను. రెండింటిలోనూ తాగే వయసు వచ్చిన ప్రతి మనిషికీ ఒక వైన్ సీసా లేదా షాంపేన్ సీసా, 750 మిల్లీలీటర్లది, సీలు తీయనిది, ఓడ ఎక్కే మొదటి రోజు మాత్రమే, అదీ చేతి సంచిలో పెట్టుకుని తీసుకుపోవచ్చు. పోర్టరుకు ఇచ్చే పెద్ద సూట్‌కేసులో పెట్టకూడదు. అమెరికాలో ఎక్కే ఓడల్లో తాగే వయసు 21. అదే రాయల్ కరీబియన్ ఓడను సింగపూర్‌లో ఎక్కితే 18 చాలు. ఒకే కంపెనీ, ఎక్కే రేవును బట్టి వయసు మారిపోతుంది!

ఆ వైన్ గదిలో తాగితే అదనంగా ఏమీ అడగరు. డైనింగ్ హాల్‌కు తీసుకెళ్తే మాత్రం "కార్కేజ్" అని ఒక రుసుము వేస్తారు, మూత తీసిచ్చినందుకు కూలి అనుకోండి. నార్వీజియన్ అనే కంపెనీ వాళ్లది ఇంకో తరహా. ఎన్ని వైన్ సీసాలైనా తెచ్చుకోమంటారు, కానీ సీసాకు 15 డాలర్లు అక్కడే కట్టించుకుంటారు. డిస్నీ వాళ్లు కొంచెం ఉదారం, 21 దాటిన మనిషికి రెండు వైన్ సీసాలు లేదా ఆరు బీర్లు, మొదటి రోజే కాదు, మధ్యలో ఆగిన ప్రతి రేవులోనూ తెచ్చుకోనిస్తారు. ఎమ్మెస్సీ అనే క్రూయిజ్ కంపెనీ వాళ్లయితే బయటి తిండి, బయటి తాగుడు రెండూ వద్దంటారు. కాబట్టి "క్రూయిజ్‌లో రూల్ ఏంటి" అని కాకుండా "ఫలానా కంపెనీలో, ఫలానా రేవులో రూల్ ఏంటి" అని అడగాలి. టికెట్ చేతికి వచ్చాక వాళ్ల వెబ్‌సైట్‌లో మళ్లీ ఒకసారి చూసుకోండి, ఈ రూల్స్ మధ్య మధ్యలో మారుస్తూనే ఉంటారు.

డ్యూటీ ఫ్రీ సీసా కొనుక్కోండి, తప్పేం లేదు. 21 దాటిన మనిషి అమెరికాలోకి ఒక లీటరు వరకు పన్ను లేకుండా తీసుకుపోవచ్చు. దాన్ని మీ అబ్బాయి ఇంట్లోనే పెట్టి, ఓడ దిగి వచ్చాక మూత తీయండి.

ఇక దాచిపెట్టి తీసుకుపోదామనే ఆలోచన ఉంటే, మా బావ సంగతి చెప్తాను. ఓడ పేరు మాత్రం అడగొద్దు. రెండు విస్కీ సీసాలను పట్టు పంచెలో చుట్టి పెద్ద సూట్‌కేసు అడుగున పెట్టాడు. మధ్యాహ్నం ఓడ ఎక్కారు, సాయంత్రానికి అందరి పెట్టెలూ గదుల ముందుకు వచ్చాయి, వీళ్లది రాలేదు. బావ బీపీ మాత్రలు, అక్క చీరలు అన్నీ దాంట్లోనే. రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసి కిందకు రమ్మన్నారు. అక్కడ సెక్యూరిటీ గదిలో ఇలాంటి పెట్టెలన్నీ వరసగా పెట్టి ఉన్నాయట. ఒకాయన ఇస్త్రీ పెట్టె తెచ్చి దొరికాడు, ఒకావిడ ఎలక్ట్రిక్ కెటిల్ తెచ్చి దొరికింది, మా బావ పట్టు పంచె విప్పి దొరికాడు. సీసాలు తీసుకుని రసీదు ఇచ్చారు. ఆయన అదృష్టం, చివరి రోజు వెనక్కిచ్చారు, కొన్ని కంపెనీలు అదీ ఇవ్వవు, పారబోస్తాయి. సీసాల కన్నా ఆ క్యూలో నిలబడిన అరగంటే ఆయనకు ఎక్కువ బాధ. అక్క రెండు రోజులు మాట్లాడలేదు.

మధ్యలో మెక్సికో రేవులోనో బహామాస్‌లోనో రమ్ చవక అని కొంటారు కదా, దాన్నీ ఓడ మెట్ల దగ్గరే తీసుకుని రసీదిస్తారు, ప్రయాణం ముగిసేటప్పుడు తిరిగిస్తారు. ఓడలోనే ఉండే డ్యూటీ ఫ్రీ షాపులో కొన్నా ఇదే కథ, డబ్బు ఇవాళ కట్టించుకుని సీసా చివర్లో చేతిలో పెడతారు.

ప్రశ్న: మేము మందు ముట్టం. మాకు కావలసింది మంచినీళ్లు, మజ్జిగ, పొద్దున్నే ఫిల్టర్ కాఫీ. ఓడలో నీళ్ల సీసా కూడా కొనుక్కోవాలని మా కోడలు చెప్తోంది. ఇంటి నుంచి నన్నారి షర్బత్ కూడా పట్టుకుపోదామనుకుంటున్నా. — రిటైర్డ్ టీచరమ్మ, కొంగారెడ్డిపల్లి, చిత్తూరు

అమ్మా, మీ కోడలు సగం కరెక్టే. సీసా నీళ్లకు డబ్బులు కట్టాలి, నీళ్లకు కాదు. ఓడలో సముద్రపు నీటిని ఆవిరి పట్టి చల్లార్చో, ఆర్వో పద్ధతిలో వడగట్టో మంచినీళ్లు చేసుకుంటారు, కొంత రేవులో నింపుకుంటారు. గదిలో కుళాయి నీళ్లు కూడా తాగొచ్చు. భోజనశాలలో గ్లాసుల కొద్దీ ఉచితం. ఇంటి నుంచి ఒక ఖాళీ స్టీలు బాటిల్ తీసుకెళ్లండి, ఖాళీ బాటిల్‌కు ఎవరూ అడ్డు చెప్పరు. ఒక విధంగా మన కొండ మీద పద్ధతే ఇది. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఆపేశాక మనమందరం సొంత బాటిల్ మోసుకుపోయి కుళాయి దగ్గర పట్టుకోవడం నేర్చుకున్నాం కదా.

సీసా నీళ్లే కావాలంటే మళ్లీ కంపెనీకో రూలు. రాయల్ కరీబియన్ వాళ్లు గదికి 12 వరకు క్యాన్లు, సీసాలు లేదా అట్టపెట్టెలు, మద్యం కానివి, ఒక్కొక్కటీ అర లీటరు మించకుండా మొదటి రోజు చేతి సంచిలో తెచ్చుకోనిస్తారు. కార్నివాల్‌లో మనిషికి 12, కానీ క్యాన్లు, అట్టపెట్టెలు మాత్రమే, అవి కూడా 12 ఔన్సులు, అంటే సుమారు 355 మిల్లీలీటర్లు మించకూడదు. నీళ్ల సీసాలు కుదరవు. ఇది 2015 నుంచి వచ్చిన మార్పు. అంతకు ముందు సీసాలు రానిచ్చేవాళ్లు, జనం నీళ్ల సీసా మూత జాగ్రత్తగా ఊడదీసి వోడ్కా నింపి మళ్లీ సీలు అతికించి తెచ్చేవాళ్లు. వేలకొద్దీ సీసాల్లో నీళ్లేవో వోడ్కా ఏదో ఒక్కొక్కటీ చూడలేక మొత్తం ఆపేశారు. మరుసటి ఏడాది నార్వీజియన్ వాళ్లు నీళ్లు, కూల్‌డ్రింకులు అన్నీ ఆపేశారు. ఎవరో చేసిన పనికి మీలాంటి వాళ్లు నీళ్లకు కూడా సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తోంది.

నన్నారి సంగతి: ఇంట్లో కాచి పాత సీసాలో పోసుకున్నదైతే తీసుకెళ్లకండి. చూడటానికి నల్లగా, చిక్కగా, సీలు లేకుండా ఉంటుంది, స్కానర్ దగ్గర కూర్చున్న ఫిలిప్పీన్స్ కుర్రాడికి అది సుగంధి వేళ్ల షర్బత్ అని మీరు ఎలా చెప్తారు? కోడలి ఇంట్లో తాగండి.

మజ్జిగకు మార్గం ఉంది. పొద్దున టిఫిన్ దగ్గర తీపి కలపని పెరుగు కప్పులు ఉంటాయి, గ్లాసులో వేసి నీళ్లు, ఉప్పు కలుపుకుంటే అయిపోయింది. టీ కౌంటర్ దగ్గర నిమ్మకాయ ముక్కలు పెడతారు, పంచదార, ఉప్పు పక్కనే. మా ఆవిడ ఏడు రోజులూ నిమ్మరసం మీదే గడిపింది, పైసా ఖర్చు లేదు. అల్లం, కరివేపాకు మాత్రం ఆశించకండి.

కాఫీ దగ్గరే మనవాళ్లకు కష్టం. ఓడలో మామూలు కాఫీ, టీ ఉచితమే, కానీ ఆ కాఫీని మీరు కాఫీ అనరు. కాఫీ పొడి, చిన్న స్టీలు ఫిల్టరు పెట్టుకోండి, పొడికి అభ్యంతరం ఉండదు. వేడినీళ్లు బఫేలో పట్టుకుని గదికి తెచ్చుకోవచ్చు, పాలు కూడా అక్కడే. కెటిల్, ఇండక్షన్ స్టవ్, రైస్ కుక్కర్ మాత్రం వద్దు. ఓడలో అగ్ని ప్రమాదమంటే వాళ్లకు అన్నిటికన్నా భయం, అలాంటివి కనపడితే తీసేసుకుంటారు. కెటిల్‌తో దొరికిన ఆవిడ సంగతి పైన చెప్పాను కదా.

ప్రశ్న: మాది మామిడి గుజ్జు వ్యాపారం. సింగపూర్ నుంచి బయల్దేరే ఓడలో బంధువులందరం కలుస్తున్నాం. మా ఫ్యాక్టరీ తోతాపురి గుజ్జు మూడు కిలోల డబ్బాలు రెండు తీసుకెళ్లి అందరికీ జ్యూస్ చేసివ్వాలని ఉంది. — పూతలపట్టు

మీ ప్రేమ గొప్పది గానీ మూడు కిలోల డబ్బా అంటే కష్టం, ఓడల వాళ్లు ఒప్పుకునే సైజు చిన్న క్యాన్ సైజు. పైగా దాన్ని తెరవడానికి కత్తి కావాలి, కత్తి రానివ్వరు. సింగపూర్‌లో బంధువుల ఇల్లుంటే అక్కడే కానివ్వండి.

ప్రశ్న: సార్, మేం ఐదుగురు ఫ్రెండ్స్, చెన్నై నుంచి వెళ్లే క్రూయిజ్‌కు ప్లాన్ చేస్తున్నాం. మౌత్‌వాష్ సీసాలో వోడ్కా పోసి రంగు కలిపితే దొరకదని వీడియోల్లో చూపిస్తున్నారు. పని చేస్తుందా? — యూనివర్సిటీ విద్యార్థి, తిరుపతి

తమ్ముడూ, ఆ వీడియోలు నీకన్నా ముందు సెక్యూరిటీ వాళ్లు చూస్తారు. మౌత్‌వాష్, షాంపూ సీసాలు, సన్‌స్క్రీన్ ట్యూబులు, పల్చటి ప్లాస్టిక్ సంచులు, ఇవన్నీ పాత ఎత్తులు. అలిపిరి దగ్గర తనిఖీ కేంద్రంలో పెట్టెల్లో ఏమేం దాస్తారో అక్కడ రోజూ నిలబడేవాళ్లకు చూడగానే తెలిసిపోదూ? రేవులోనూ అంతే. అక్కడ దొరికితే సీసా పోవడంతో ఆగదు, గొడవ ముదిరితే ఓడ ఎక్కనివ్వకుండా ఆపే హక్కు, మధ్య రేవులో దింపేసే హక్కు టికెట్ షరతుల్లోనే రాసి ఉంటుంది, డబ్బు వెనక్కి రాదు.

చెన్నై నుంచి అంటే కార్డీలియా కంపెనీ ఓడ అయి ఉంటుంది, 2022 జూన్‌లో అక్కడి నుంచి విశాఖకు మొదలుపెట్టారు. ఎంప్రెస్ అనే ఆ ఓడ 1990లో రాయల్ కరీబియన్ కోసం కట్టిన ఓడే, తర్వాత చేతులు మారింది. దాంట్లో బయటి మద్యం, బయటి తిండి రెండూ కుదరవు. అమెరికా ఓడల్లోలా మనిషికో వైన్ సీసా అనే వెసులుబాటు కూడా ఉందనుకోకు. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేముందే బ్యాగు ఖాళీ చేసుకో. ఇంకో మాట, రాష్ట్రాన్ని బట్టి తాగే వయసు వేరు, మీ ఐదుగురిలో ఎవరైనా చిన్నవాళ్లుంటే బార్‌లో కూడా ఇవ్వరు.

ప్రశ్న: రోజుకింత అని ముందే కట్టి ఎన్నైనా తాగే డ్రింక్ ప్యాకేజీ ఓడలో కొంటే లాభమా? మా ఆయన తాగుతారు, నేను తాగను. గదిలో ఇద్దరూ కొనాలంటున్నారు. నిజమా? — ఎం.ఆర్.పల్లి, తిరుపతి

నిజమే, నాకు ఒళ్లు మండే రూలు ఇదే. రాయల్ కరీబియన్, కార్నివాల్ రెండింటిలోనూ మద్యం ప్యాకేజీ ఒకరు కొంటే ఆ గదిలో తాగే వయసున్న పెద్దలందరూ కొనాలి. ఒకరు కొని పదిమందికి పంచుతారని వాళ్ల అనుమానం. ఆరోగ్య కారణంగా తాగనివాళ్లయితే ముందే ఫోన్ చేసి అడగండి, ఒక్కోసారి మందు లేని చౌక ప్యాకేజీతో సరిపెడతారు. చెప్పిన ధర మీద సర్వీసు పేరుతో 18 నుంచి 20 శాతం దాకా కలుస్తుంది, అది బిల్లు వేసేటప్పుడు గాని కనపడదు. "అపరిమితం" అన్న మాటనూ పూర్తిగా నమ్మకండి, కార్నివాల్‌లో 24 గంటల్లో 15 మద్యం గ్లాసుల దగ్గర ఆపేస్తారు. ఎవరు తాగుతారు అన్ని అనకండి, తాగేవాళ్లున్నారు.

వాళ్లు ఎందుకింత పట్టుబడతారంటే, టికెట్ చౌకగా అమ్మి లోపల రాబట్టుకోవడమే ఆ వ్యాపారం. రాయల్ కరీబియన్ గ్రూపుకు 2023లో వచ్చిన సుమారు 1,390 కోట్ల డాలర్లలో 430 కోట్ల దాకా టికెట్ డబ్బు కాదు, బార్లు, క్యాసినో, రేవుల్లో తిప్పే టూర్లు వగైరా. సినిమా హాలు వాడు పాప్‌కార్న్ బయట నుంచి తేనివ్వడు చూడండి, అదే లెక్క, ఓడంత పెద్దది.

మీ ఆయన రోజుకు రెండు మూడు గ్లాసులతో ఆగేవారైతే విడిగా కొనుక్కోమనండి. ఐదారు దాటితేనే, అదీ రేవుల్లో దిగి తిరిగే రోజులు తక్కువ ఉంటేనే ప్యాకేజీ గిట్టుతుంది. ఇద్దరి తరఫున ఒక్కో వైన్ సీసా తీసుకెళ్లొచ్చు కదా, మీరు తాగకపోయినా మీ వంతు సీసా మీదే.

ప్రశ్న: పది నెలల పాప ఉంది. పాల పొడి, కాచిన నీళ్లు, ఓఆర్ఎస్ తీసుకుపోనిస్తారా? — పలమనేరు

తీసుకుపోనిస్తారమ్మా. పసిపిల్లల పాలు, ఆరోగ్యానికి కావలసిన నీళ్లు, మందులు మామూలుగా ఈ రూల్స్ కిందకు రావు, బయటి నీళ్లు వద్దనే నార్వీజియన్ కూడా వీటిని రానిస్తుంది. పాల పొడి డబ్బా సీలు తీయకుండా పెట్టుకోండి, చేతి సంచిలోనే ఉంచండి, పెద్ద పెట్టె గదికి వచ్చేసరికి ఒక్కోసారి రాత్రవుతుంది, అప్పటిదాకా పాప ఆగదు.