కుక్కల ఉత్తరాలు రాసిందెవరు?

ప్రశ్న: రష్యన్ రచయిత గొగోల్ రాసిన ‘పిచ్చివాడి డైరీ’ తెలుగులో చదివానండీ. పీటర్స్‌బర్గ్‌లో ఓ గుమాస్తా డైరెక్టరు గారి కూతురి మీద మనసు పడతాడు. ఆ పిల్లకి వేరే పెళ్లి కుదిరిందని తెలిసి మతి పోయి, తానే స్పెయిన్ రాజునంటాడు. సైకాలజీ చదువుతున్న మా అబ్బాయి ‘అది స్కిజోఫ్రీనియా, అంతే’ అని తేల్చేశాడు. నాకెందుకో తృప్తిగా లేదు. ఆ గుమాస్తా మనసుని ఎలా చదవాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీవాడు తప్పు చెప్పాడనను తల్లీ. కథ 1835లో అచ్చయ్యేనాటికి ఆ జబ్బుకి ఆ పేరే పుట్టలేదు, అది వేరే సంగతి. పేరు పెట్టేశాక ఇక చదవక్కర్లేదనిపిస్తుంది, నాకున్న పేచీ అక్కడే.

ముందు మీ మాటే ఒకటి సరిచేస్తాను. పెళ్లి కుదిరినందుకు పిచ్చెక్కలేదు. డైరీ మొదటి రోజు, అక్టోబరు 3 తీయండి. పెళ్లి ఊసే లేని ఆ రోజే, వానలో దుకాణం ముందు రెండు కుక్కలు మాట్లాడుకోవడం విన్నాడు. అదే రోజు సెక్షన్ హెడ్డు తిట్లూ రాసుకున్నాడు: నీ బుర్రలో అంతా గందరగోళం, కాయితం మీద తేదీ వెయ్యవు, నెంబరు వెయ్యవు అని. రెవెన్యూ ఆఫీసులో ముప్ఫయ్యేళ్లు ఇన్వార్డు, డిస్పాచ్ రాసినవాణ్ణి, అక్కడ ఫక్కున నవ్వాను. తీరా ముందుకెళితే ‘2000వ సంవత్సరం, ఏప్రిల్ 43’ అని కనిపించింది. ఆ తేదీ ముందు నా నవ్వు నిలబడలేదు.

ఇక కుక్కల ఉత్తరాలు. నా లెక్కన కథంతా వాటిలోనే ఉంది. డైరెక్టరు గారి కుక్క రాసిందంటూ ఇతగాడు ఓ ఇంట్లోంచి కాయితాలు ఎత్తుకొస్తాడు. వాటిలో ఏముంది? ఆ గుమాస్తా జుట్టు గడ్డిలా ఉంటుందట, ఆ అమ్మాయి అతన్ని చూసి నవ్వు ఆపుకోలేదట, వాళ్ల నాన్న అతన్ని నౌకరులా వాడుకుంటాడట. మరి కుక్క ఉత్తరం రాయదు కదా! ఈ మాటలు ఎవరివి? నా మటుకు అవి అతనివే. తన పేరు మీద రాసుకోలేని నిజాన్ని కుక్క చేత రాయించాడు. పైగా చదువుతూ కుక్క మీద మండిపడతాడు. అంటే అతనికి అంతా తెలుసు. డైరెక్టరు గదిలో కూర్చుని ఇరవై మూడు ఈక కలాలకి మొనలు చెక్కినవాడికి తన విలువెంతో తెలియదా?

ఆనాటి రష్యా సర్కారు కొలువులో మెట్లు 14. ఇతనిది పైనుంచి తొమ్మిదోది, వయసు నలభై రెండు. డిసెంబరు 3న అడుగుతాడు: నేను ఈ మెట్టు మీదే ఎందుకున్నాను? ఒకవేళ నేను జనరల్నేమో, పైకి మాత్రం గుమాస్తాలా కనిపిస్తున్నానేమో? రెండ్రోజులకి పేపర్లో స్పెయిన్ గద్దె ఖాళీ అని చదువుతాడు. రాజు ఏడో ఫెర్డినాండ్ 1833లో నిజంగానే పోయాడు, కూతురు పసిపిల్ల. ఖాళీ పోస్టు అన్నమాట! మనవాడు ఆఫీసుకెళ్లి, డైరెక్టరు సంతకం పెట్టే చోట ‘ఎనిమిదో ఫెర్డినాండ్’ అని పెట్టొస్తాడు.

మా ఆఫీసులో ఒకాయన ఉండేవాడు. సీనియారిటీ లిస్టులో పేరు కిందికి జారినప్పటి నుంచి వాడిపారేసిన కార్బన్ కాయితాల మీద తహశీల్దారు సంతకం దిద్దుకునేవాడు. ఎవరైనా వస్తే ఫైలు అడ్డం పెట్టేవాడు. ఆయన్ని మేం పిచ్చివాడనలేదు. టీ తాగుతూ నవ్వుకున్నాం.

ఆఖరి పేజీల్లో గుండు గీసి, తల మీద చన్నీళ్లు పోస్తారు. అప్పుడు అమ్మని పిలుస్తాడు, నీ కొడుకుని కాపాడమంటాడు. ఆ వెంటనే, అల్జీర్స్ పాలకుడి ముక్కు కింద పులిపిరి ఉంది తెలుసా, అంటాడు. దాన్ని హాస్యమని దాటేసేవాళ్లున్నారు. నాకు నవ్వు రాలేదు. అమ్మని తలుచుకున్నాక కూడా అతని చూపు పదవిలో ఉన్నవాడి మొహం మీదికే పోయింది.

మీవాడితో వాదన పెట్టుకోకండి. ఆ కుక్క ఉత్తరాలు మాత్రం పైకి చదివి వినిపించమనండి. గడ్డి జుట్టు దగ్గర గొంతు ఏమవుతుందో చూసి నాకు రాయండి.