ఫార్మాట్ కొట్టకుండానే ఉబుంటు

ప్రశ్న: అమీర్‌పేటలో లైనక్స్ కోర్సులో చేరాను. ల్యాప్‌టాప్‌లో విండోస్ 11, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. పక్కన ఉబుంటు 24.04 (లైనక్స్‌లో ఒక రకం) వేద్దామంటే ఇన్‌స్టాలర్ 'ఆర్‌ఎస్‌టీ ఆపండి' అని ఆగిపోతోంది. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో) ఆపితే విండోస్ నీలితెర చూపింది. భయపడి మళ్లీ ఆన్ చేశాను. షాపులో అడిగితే మొత్తం ఫార్మాట్ కొట్టాల్సిందే అంటున్నారు. నిజమేనా?
- ఓ పాఠకుడు, ఎస్.ఆర్. నగర్

జవాబు: అక్కర్లేదండీ. వెంటనే ఆన్ చేసి మంచి పని చేశారు, మీ ఫైళ్లకేమీ కాలేదు. ఆర్‌ఎస్‌టీ, ఏహెచ్‌సీఐ అనేవి డిస్కుతో మాట్లాడే రెండు పద్ధతులు. విండోస్ ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్‌తో డిస్కును చదవడానికి అలవాటుపడింది. ఉన్నట్టుండి ఏహెచ్‌సీఐకి మారిస్తే దానికి డిస్కే దొరకదు. సేఫ్ మోడ్‌లో (విండోస్ అత్యవసరమైన వాటితోనే మొదలయ్యే పద్ధతిలో) మాత్రం ఏహెచ్‌సీఐ డ్రైవర్ కూడా లోడవుతుంది కాబట్టి, ఆ దారిన మార్చాలి.

అంతకన్నా ముందు సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి 'డివైస్ ఎన్‌క్రిప్షన్' (డిస్కుకు వేసిన తాళం లాంటిది) ఆపేయండి. పూర్తిగా ఆగేదాకా ఆగండి, గంట పట్టినా సరే. అది ఉండగా బయోస్ ముట్టుకుంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. కీ లేకపోతే ఫైళ్ల మీద ఆశ వదులుకోవాల్సిందే. ముఖ్యమైనవి వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవడమూ ఇప్పుడే.

తర్వాత స్టార్ట్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ (msconfig) అని వెతికి తెరిచి, బూట్ ట్యాబ్‌లో 'సేఫ్ బూట్' టిక్ పెట్టి రీస్టార్ట్ చేయండి. విండోస్ మొదలవకముందే బయోస్‌లోకి వెళ్లి సాటా మోడ్‌ను (మీరు ఇందాక మార్చిన ఆర్‌ఎస్‌టీ సెట్టింగే) ఏహెచ్‌సీఐ చేయండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో అది 'వీఎండీ కంట్రోలర్' పేరుతో ఉంటుంది, దాన్ని డిసేబుల్ చేయాలి. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు, ఖాతా పాస్‌వర్డ్ దగ్గర పెట్టుకోండి. లోపలికి వెళ్లాక ఆ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేస్తే విండోస్ మామూలుగా వస్తుంది.

ఇక చోటు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి 'పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్' (powercfg /h off) కొట్టండి. దీంతో ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది. అది ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, ఉబుంటు నుంచి సీ డ్రైవ్‌లో ఏమీ రాయనివ్వదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ మీద 'ష్రింక్ వాల్యూమ్' నొక్కి 102400 (ఎంబీ) ఇస్తే 100 జీబీ ఖాళీ అవుతుంది. అంత ఇవ్వనంటే సిస్టమ్ రీస్టోర్, పేజ్ ఫైల్ తాత్కాలికంగా ఆపి చూడండి. కదలని ఫైళ్లు మధ్యలో అడ్డంగా కూర్చోవడమే కారణం. ఖాళీ చోటును అలాగే వదిలేయండి, కొత్త డ్రైవ్ చేయొద్దు.

ఇన్‌స్టాలర్‌లో 'విండోస్ పక్కన' అన్న ఎంపిక చాలు. 'ఎరేజ్ డిస్క్' జోలికి మాత్రం వెళ్లొద్దు.

ప్రశ్న: ఉబుంటు వాడి విండోస్‌కి వస్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతోంది. బ్యాటరీ మార్చాలా?
- ఓ పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: బ్యాటరీ తప్పు కాదు. మదర్‌బోర్డు గడియారంలో ఉబుంటు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం రాస్తుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. మనకూ యూటీసీకీ తేడా సరిగ్గా 5:30. ఉబుంటు టెర్మినల్‌లో 'టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1' (timedatectl set-local-rtc 1) అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టి, విండోస్‌లో ఒకసారి 'సింక్ నౌ' నొక్కండి.