ర్యాంకు చూసి మిషిగన్, ఒహాయో స్టేట్ మ్యాచ్ ఫలితం చెప్పొచ్చా?

చెప్పలేం. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ అభిమానులు ర్యాంకులు, పాత స్కోర్లు పట్టుకుని గంటలకొద్దీ వాదించుకుంటారు. నన్నడిగితే ముందు చూడాల్సింది బంతికి అటూ ఇటూ ఎదురెదురుగా నిలబడే లైన్‌మెన్‌ని.

2024 నవంబరు 30న ఒహాయో స్టేట్ సొంతూరు కొలంబస్‌లో జరిగిన ఈ రెండు యూనివర్సిటీ జట్ల మ్యాచ్ చూడండి. ఒహాయో స్టేట్‌ది రెండో ర్యాంకు. మిషిగన్‌కి ర్యాంకే లేదు, పాసింగ్ (బంతిని ముందుకు విసిరి ఆడటం) కూడా చాలా బలహీనం. కానీ దాని డిఫెన్స్ లైన్ మధ్యలో మేసన్ గ్రాహం, కెనెత్ గ్రాంట్ లాంటి భారీకాయులున్నారు. జెరెమయా స్మిత్ లాంటి మేటి రిసీవర్ (విసిరిన బంతిని అందుకునే ఆటగాడు) ఉండి కూడా ఒహాయో స్టేట్ పదే పదే బంతితో ఆ మధ్యలోకే పరుగెత్తి ఆగిపోయింది. దాని రెండు ఫీల్డ్ గోల్స్ (బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్నే ప్రయత్నాలు) కూడా తప్పాయి, అది వేరే సంగతి. చివరికి మిషిగన్ 13-10తో గెలిచింది.

అలాగని మిషిగన్ మెరుగైన జట్టని కాదు. అదే ఒహాయో స్టేట్ 2025 జనవరిలో నోటర్‌డామ్‌ను 34-23తో ఓడించి జాతీయ చాంపియన్ అయింది.