జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) బడ్జెట్ పెంచితే మా ఇంటి పన్ను కూడా పెరుగుతుందా?

వెంటనే పెరగదండి, టెన్షన్ పడకండి. ఆస్తి పన్ను కింద ఎంత వస్తుందో బడ్జెట్‌లో అంచనా వేస్తారు, అంతే. మీ బిల్లు మాత్రం మీ ఏరియాలో చదరపు అడుగుకు నిర్ణయించిన నెల అద్దె విలువను బట్టి వస్తుంది.

వెయ్యి చదరపు అడుగుల ఫ్లాట్, అడుగుకు నెల అద్దె విలువ రూపాయి అనుకుందాం. ఏడాదికి 12,000. నెల అద్దె విలువ 1,000, అది 300 దాటింది కాబట్టి అందులో 30 శాతం, అంటే 3,600. ఇల్లు 25 ఏళ్ల లోపుదైతే తరుగు 10 శాతం పోయి 3,240. దాని మీద గ్రంథాలయ సెస్సు 8 శాతం కలిపితే దాదాపు 3,500. ఈ లెక్కలో బడ్జెట్ అన్న మాటే లేదు చూడండి. అడుగు రేటు మార్చడం వేరే నిర్ణయం.

అయితే బడ్జెట్‌లో వసూళ్ల అంచనా పెంచితే సిబ్బంది మీద ఒత్తిడి పెరుగుతుంది. పాత బకాయిలు, మేడ మీద కొత్తగా వేసిన గది, కింద పోర్షన్‌లో పెట్టిన కిరాణా కొట్టు, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. చాలామందికి బిల్లు మారేది ఇక్కడే. అందుకే పైన అంతస్తు వేస్తే మీరే ముందుగా చెప్పుకోండి.

ఏప్రిల్‌లోనే ఏడాది పన్ను మొత్తం కట్టేవాళ్లకు ఎర్లీ బర్డ్ కింద 5 శాతం రాయితీ ఇస్తుంటారు. గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది.