వరదలొస్తే ఆర్మీని వెంటనే ఎందుకు పిలవరు? కంట్రోల్ రూమ్‌లో పనిచేసినవాడిగా నా జవాబు

మీరు రెండు విషయాలు అడిగారు. వాగు పొంగి ఊరు మునుగుతుంటే కలెక్టర్ ఆర్మీని వెంటనే ఎందుకు పిలవరు? పిలిస్తే జిల్లా మొత్తం వాళ్ల చేతుల్లోకి పోతుందా? నేను భూపాలపల్లి వైపు రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యాను. 2023 జులై వరదల్లో కంట్రోల్ రూమ్ డ్యూటీ చేశాను కాబట్టి చూసింది చెబుతాను.

ముందు రెండో ప్రశ్న. పోదు. ఆర్మీ సాయానికి వస్తుంది, పాలించడానికి కాదు. ఎక్కడికి వెళ్లాలి, ముందుగా ఏం కావాలి అన్నది కలెక్టరే చెబుతారు. ఆ పని ఎలా చేయాలన్నది వాళ్ల ఆఫీసర్ చూసుకుంటారు. జవాన్లకు ఆర్డర్ ఇచ్చేది ఆయనే, తహసీల్దారో ఎస్సైయో కాదు. అవసరం తీరగానే వెళ్లిపోతారు. అల్లర్లప్పుడు గుంపులను చెదరగొట్టడానికి పిలవాలన్నా మేజిస్ట్రేట్ కోరాల్సిందే. నేర విచారణ పద్ధతుల చట్టంలో ఒకప్పటి సీఆర్పీసీ 130, దాని బదులు వచ్చిన ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 149 సెక్షన్ చెప్పేది అదే. వీలైనంత తక్కువ బలం వాడాలని, మనుషులకూ ఆస్తులకూ వీలైనంత తక్కువ నష్టం జరగాలని అందులోనే రాసి ఉంది.

ఈ భయం మన దగ్గర ఊరికే పుట్టలేదు. 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చాక, 1949 చివరిదాకా హైదరాబాద్ రాష్ట్రాన్ని నడిపింది మిలిటరీ గవర్నర్ జె.ఎన్. చౌధురి. రజాకార్ల పీడ పోయిందని సంతోషించిన వరంగల్, నల్గొండ పల్లెలే తర్వాత సాయుధ పోరాటాన్ని అణచడానికి వచ్చిన అదే సైన్యాన్ని చూసి అడవుల్లోకి పరుగెత్తాయి. పెద్దవాళ్ల నోట 'మిలిట్రీ' అనే మాట ఎలా పలికేదో మా తరం వాళ్లందరికీ తెలుసు. పైగా ఆకుపచ్చ బట్టలు కనిపిస్తే చాలు, మిలిట్రీ అనేస్తాం. ఏటూరునాగారం అడవుల్లో కనిపించే సీఆర్పీఎఫ్ ఆర్మీ కాదు, కేంద్ర హోంశాఖ కింద ఉండే పోలీసు బలగం. వరదల్లో పడవలతో వచ్చే నారింజ రంగు డ్రెస్సు వాళ్లు ఎన్డీఆర్ఎఫ్, అంటే జాతీయ విపత్తు స్పందన దళం. కేంద్ర పోలీసు బలగాల నుంచి డిప్యుటేషన్ మీద వచ్చినవాళ్లతో 2006లో ఏర్పడింది. మీరు టీవీలో 'ఆర్మీ' అనుకుని చూసిన పడవలు చాలావరకు వాళ్లవే.

ఇక అసలు ప్రశ్న. మొదట పోలీసులు, ఫైర్ వాళ్లు, గజ ఈతగాళ్లు దిగుతారు. వాళ్ల వల్ల కాకపోతే ఎన్డీఆర్ఎఫ్. అదీ చాలకపోతే కలెక్టర్ ప్రభుత్వానికి చెబుతారు, చీఫ్ సెక్రటరీ స్థాయిలో సైన్యాన్ని, ఎయిర్ ఫోర్స్‌ను అడుగుతారు. ఆలస్యమంతా ఈ కాగితాల దగ్గరే అని జనం అనుకుంటారు. నేను చూసినంతలో అది చిన్న భాగమే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆ పని ఫోన్ల మీదే అయిపోతుంది. అసలు ఆలస్యం ఎవరు ఎక్కడ ఉన్నారో తేల్చడం దగ్గర.

2023 జులై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో అంతకుముందు ఎన్నడూ అంత నమోదు కాలేదు. మా భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు మోరంచపల్లి మీద పడింది. జనం దాబాల మీదికి, చెట్ల మీదికి ఎక్కారు. మా ఫోన్లు ఆగలేదు. 'మా అమ్మ దాబా మీద ఉంది సార్' అని హైదరాబాద్ నుంచి కొడుకు చేస్తాడు. అదే అమ్మ గురించి కూతురు చేస్తుంది, పక్కింటివాళ్లు చేస్తారు. కాగితం మీద నలుగురు, అక్కడ ఉన్నది ఒక్కరు. దాబా మీద ఉన్నవాళ్ల ఫోన్లలో చార్జింగ్ అయిపోయింది. హెలికాప్టర్ వాళ్లు అడిగేవి సూటి ప్రశ్నలు. ఎంతమంది? వాగుకు ఏ ఒడ్డున? పక్కన కరెంటు తీగలున్నాయా? దింపడానికి గట్టి నేల ఎక్కడుంది? అక్షాంశ రేఖాంశాలు ఎంత? వీటికి జవాబు ఆర్మీ దగ్గర ఉండదు. ఆ ఊరి పంచాయతీ సెక్రటరీ దగ్గర, లైన్‌మన్ దగ్గర, చేపలు పట్టేవాళ్ల దగ్గర ఉంటుంది. లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్‌లో కరెంటు ఆపే అనుమతి) తీసుకుని సరఫరా ఆపాడని తేలేదాకా తీగల కింద పడవ నడపడానికి కూడా ధైర్యం చాలదు.

హెలికాప్టర్లు హైదరాబాద్ దగ్గరి హకీంపేట నుంచి రావాలి. మబ్బు కిందికి దిగితే ఎగరలేవు. పొద్దు గూకితే ఇంకా కష్టం. వచ్చినప్పుడు మాత్రం ఎవరూ చేయలేని పని చేస్తాయి. 2020 ఆగస్టులో కుందనపల్లి దగ్గర చలివాగులో చిక్కుకున్న రైతులను అలాగే తీసుకొచ్చారు. 2022 జులైలో చెన్నూరు మండలం సోమన్‌పల్లిలో వాటర్ ట్యాంక్ మీద మిగిలిపోయిన ఇద్దరినీ అలాగే కాపాడారు. ఈ రెండు చోట్లా మనుషులు ఎక్కడున్నారో కచ్చితంగా తెలుసు. అదే హన్మకొండలో నయీంనగర్ నాలా పొంగి కాలనీలు మునిగితే, ఆ ఇళ్ల మధ్య, ఆ తీగల మధ్య హెలికాప్టర్ ఏం చేస్తుంది? అక్కడ పడవే దిక్కు.

అన్ని పనులూ సైన్యానికే వచ్చనుకోవడం కూడా సరికాదు. 2025 ఫిబ్రవరిలో ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడు ఆర్మీ ఇంజినీర్లు వచ్చారు, వాళ్లతోపాటు మన సింగరేణి రెస్క్యూ వాళ్లూ వెళ్లారు. భూమి లోపల పనిచేయడం వాళ్లకు రోజూ ఉన్నదే కదా.

అందుకే ఆర్మీని ఎప్పుడు పిలుస్తారని అడిగేవాళ్లతో నేను ముందు ఊళ్లోని ఏర్పాటు గురించే మాట్లాడతాను. వాగు ఒడ్డు ఊళ్లన్నిటికీ పడవలు, లైఫ్ జాకెట్లు, వాటిని నడిపే మత్స్యకారులకు కూలీ, బీమా ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. ప్రాణాలకు తెగించి దిగేది వాళ్లే, వాళ్లకు దక్కేది చాలాసార్లు ఒక శాలువా.

మీ ఊరు వాగు పక్కనే అన్నారు కాబట్టి, చెరువు మత్తడి దుంకకముందే ఒక పని చేసుకోండి. నడవలేని ముసలివాళ్లు, బాలింతలు, డయాలసిస్ వాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో రాసి, ఒక కాపీ పంచాయతీ సెక్రటరీకి ఇవ్వండి. ఎత్తైన చోటు ఒకటి చూసుకుని, దాని లొకేషన్ ఇప్పుడే సేవ్ చేసుకోండి. కంట్రోల్ రూమ్‌తో ఊరి తరఫున ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు ఆయనకే చెప్పాలి. హెలికాప్టర్ వస్తే దాని గాలికి రేకులు, టార్పాలిన్లు లేచి మనుషులకు తగులుతాయి, ముందే బరువులు పెట్టండి. పైనుంచి కేబుల్ దిగుతుంటే గాల్లోనే అందుకోకండి. అందులో స్టాటిక్ కరెంటు ఉంటుంది, నేలనో నీళ్లనో తాకాకే పట్టుకోవాలి.